విక్టోరియా కాలపు విందు బల్లను హైదరాబాదు ఇంట్లో అమర్చుకునే విధానం

విక్టోరియా రాణి పాలించిన 1837–1901 మధ్యకాలంలో ఇంగ్లండు సంపన్నుల విందు బల్ల మొదటి నుంచి చివరిదాకా ఒక్క తీరుగా లేదు. తొలి దశాబ్దాలలో వంటకాలు చాలావరకు మూతలు పెట్టిన పళ్ళేలలో ఒక్కసారే బల్ల మీదికి వచ్చేవి. గృహస్థు స్వయంగా మాంసం కోసి వడ్డించేవాడు. అతిథులు తమ ముందున్న పళ్ళెంలోనిది పక్కవారికి అందించేవారు. ఫ్రెంచి పద్ధతి అని పేరున్న ఈ వడ్డన 1850ల తరువాత క్రమంగా వెనుకబడి, దాని స్థానంలోకి రష్యన్ పద్ధతి వచ్చింది. ఇందులో మాంసం కోయడం, పళ్ళేలలో సర్దడం గోడ పక్కనున్న సైడ్‌బోర్డు మీద జరుగుతాయి. పరిచారకులు ఒక్కొక్క వంటకాన్నీ వరుసగా ప్రతి అతిథి దగ్గరికీ తెస్తారు. దానితో బల్ల నడుమ భాగమంతా ఖాళీ అయి, అక్కడికి పూలు, పండ్లు, కొవ్వొత్తులు, వెండి స్టాండ్లు వచ్చి చేరాయి. ఈనాడు విక్టోరియా అలంకరణ అని చెప్పుకునేది చాలావరకు ఈ రెండవ పద్ధతి నుంచి పుట్టినదే. కనుక ఇంట్లో అటువంటి విందు చేయదలచినవారు అన్నింటికన్నా ముందు ఒక నిర్ణయం తీసుకోవాలి: బిర్యానీ హండీతో సహా ఏ వంటపాత్రా బల్ల ఎక్కకూడదు. ఎదుట నిండుగా వంటకాలు కనిపిస్తేనే ఆదరణ అనుకునే మనవారికి ఇది కష్టమైన నియమమే. అయినా దీనిని సడలిస్తే పూలకు చోటుండదు; ఇరుకులో ఎంత ఖరీదైన వెండి పెట్టినా బల్ల సామాను కొట్టులా కనిపిస్తుంది.

హైదరాబాదుకు ఈ మర్యాదలు పరాయివేమీ కావు. నిజాము కొలువులోని ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో కట్టడం మొదలుపెట్టిన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది ఒకేసారి కూర్చునే భోజనపు బల్ల నేటికీ ఉంది. కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ, సికింద్రాబాదు కంటోన్మెంటులోని సైనికాధికారుల మెస్సులు కూడా ఈ తరహా విందులు ఎరిగినవే. వస్తువులు కొనడానికి ముందు సాలార్‌జంగ్ మ్యూజియంలోని యూరోపియన్ గాజు, పింగాణీ, వెండి సామాను గదులను ఒక పూట నిదానంగా చూసి రావడం మంచిది. గ్లాసు కాడ పొడవు, పళ్ళెం అంచు వెడల్పు, వెండి మీద పనితనం కంటికి అలవాటైతే బజారులో ఎంపిక సులభమవుతుంది. విందుకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఏప్రిల్, మే నెలలలో మన ఎండలకు కొవ్వొత్తులు వెలిగించకముందే మెత్తబడి వంగిపోతాయి, పూలు గంటలో వాడిపోతాయి.

అతిథుల సంఖ్య, బల్ల కొలత

ఒక్కొక్క అతిథికి బల్ల అంచున కనీసం 24 అంగుళాలు ఉండాలి. 30 అంగుళాలు ఉంటే మోచేతులు తగలకుండా చాకు, ఫోర్క్ వాడవచ్చు. ఆరడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న మామూలు బల్ల మీద ఆరుగురిని కూర్చోబెడితే చాలు. గృహస్థు ఒక కొసన, గృహిణి రెండవ కొసన కూర్చోవడం, ఇరువైపులా స్త్రీ పక్కన పురుషుడు వచ్చేలా అతిథులను అమర్చడం నాటి ఆచారం. ఇక్కడ ఒక లెక్క ఉంది. ఆరుగురికి, పదిమందికి, పద్నాలుగు మందికి ఈ వరుస సరిపోతుంది; ఎనిమిదిమందిని గాని పన్నెండుమందిని గాని పిలిస్తే ఎంత మార్చినా ఎక్కడో ఇద్దరు స్త్రీలో ఇద్దరు పురుషులో పక్కపక్కన వస్తారు. పదమూడుగురు ఒక బల్ల దగ్గర కూర్చోవడం అశుభమన్న భయం ఆ కాలంలో బాగా ఉండేది. మనకు ఆ పట్టింపు లేకపోయినా ఆ సంఖ్యతో వరుస ఎలాగూ కుదరదు.

ముఖ్య అతిథి స్త్రీ అయితే గృహస్థుకు కుడిపక్కన, పురుషుడైతే గృహిణికి కుడిపక్కన కూర్చుంటారు. భార్యాభర్తలను పక్కపక్కన కూర్చోబెట్టరు. మన ఇళ్ళలో పెద్ద వయసు దంపతులను ఇలా విడదీయడం బాగుండదు. తాతగారి పక్కన అమ్మమ్మగారినే కూర్చోబెట్టి ఆ ఒక్కచోట నియమాన్ని వదులుకోవడమే మర్యాద.

గుడ్డ, నాప్కిన్లు

నాటివారు భోజనపు గుడ్డను నేరుగా చెక్క మీద పరిచేవారు కాదు. కింద మందమైన ఉన్నిగుడ్డ ఒక పొర వేసేవారు. దానివల్ల పళ్ళేల చప్పుడు వినిపించదు, వేడికి పాలిష్ చెడదు, పైగుడ్డ నిండుగా ఒదిగి కనిపిస్తుంది. పలుచని పాత కంబళిని బల్ల కొలతకు మడిచి వాడితే సరిపోతుంది. రెండు చిన్న బల్లలను కలిపి వేసినప్పుడు మధ్య అతుకును కప్పిపెట్టేది కూడా ఇదే. పైగుడ్డ తెల్లనిది కావాలి. ఆ కాలంలో డమాస్క్ లినెన్ వాడేవారు. తెలుపు మీద తెలుపుగానే నేతలో పూల నమూనా ఉండి, దీపపు వెలుతురు పక్కగా పడినప్పుడు మాత్రమే ఆ నమూనా కనిపించేది. హోటళ్ళకు సరుకు అమ్మే బట్టల దుకాణాలలో ఇటువంటి నూలు గుడ్డ దొరుకుతుంది. దొరకనప్పుడు 90 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడవు ఉన్న తెల్లని డబుల్ దుప్పటిని తీసుకుని, పైన చెప్పిన బల్లకు అయితే 72, 102 అంగుళాల కొలతకు కత్తిరించి అంచు కుట్టించాలి; అప్పుడు నాలుగువైపులా 15 అంగుళాలు వేలాడుతుంది. అంతకన్నా పొడవైతే అతిథుల కాళ్ళకు చుట్టుకుంటుంది.

ఉతికిన గుడ్డను నీలిమందు కలిపిన నీటిలో ముంచి తీసి, పలుచని గంజి పెట్టి, తడి పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చేయాలి. మడతలు ఎక్కువ ఉండకూడదు. బల్ల పొడవునా నడిమధ్యన ఒకే ఒక మడత గీత నిటారుగా రావాలి. ఈ గీతే తరువాత పూలస్టాండు, కొవ్వొత్తులు, ఉప్పుగిన్నెలు పెట్టడానికి ఆధారం. 1880ల నాటికి బల్ల నడుమ రంగుల పట్టుగుడ్డ పట్టీగా పరిచే వేడుక కూడా వచ్చింది కనుక, జరీ అంచున్న పాత గద్వాల చీరను సన్నగా మడిచి పరచడం కాలానికి విరుద్ధమేమీ కాదు. పోచంపల్లి ఇక్కత్ మాత్రం ఈ పనికి నేను సూచించను. ఆ నమూనా పూలతో పోటీ పడుతుంది.

నాప్కిన్ 24 అంగుళాల చదరంగా ఉండాలి, దానికి గంజి చిక్కగా పట్టించాలి, లేకపోతే మడత నిలబడదు. నాటివారు రకరకాల ఆకారాలుగా మడిచేవారు. అన్నింటిలోకి నేర్చుకోదగినది బిషప్పు టోపీ మడత. నాప్కిన్‌ను సగానికి మడిచి, తెరిచి ఉన్న అంచులు మనవైపు వచ్చేలా పరచాలి. ఎడమవైపు కింది మూలను పై అంచు మధ్యకు, కుడివైపు పై మూలను కింది అంచు మధ్యకు తేవాలి. వెనక్కి తిప్పి, పొడవైన అంచు మనకు అడ్డంగా వచ్చేలా జరిపి, కింది సగాన్ని పైకి మడవాలి. అడుగున ఇరుక్కున్న కొసను బయటికి లాగితే పక్కపక్కన రెండు శిఖరాలు కనిపిస్తాయి. ఎడమ శిఖరం కొసను కుడి శిఖరం మడతలోకి దోపి, తిరగేసి, మిగిలిన కొసను కూడా అలాగే దోపాలి. లోపల వేళ్ళు పెట్టి గుండ్రంగా చేసి నిలబెడితే టోపీ సిద్ధం. దాని లోపల చిన్న గుండ్రని బన్ను ఒకటి ఉంచాలి. రొట్టెకు వేరే చిన్నపళ్ళెం పెట్టనక్కరలేదు.

చాకులు, ఫోర్కులు, గ్లాసులు

ఎన్ని ఫోర్కులు పెట్టాలన్నది వంటల పట్టిక తేలిన తరువాతనే తెలుస్తుంది. ఇంగ్లండులో సూప్, చేప, చిన్న మాంసపు వంటకాలు, పెద్ద మాంసం, వేట పక్షి, తీపి, చివర పండ్లు అనే క్రమం నడిచేది. మన వంటలు ఆ క్రమంలో చక్కగా ఇముడుతాయి. మరగ్ అనే పలుచని మాంసపు చారు సూప్ స్థానంలో వస్తుంది. ముళ్ళు తీసిన చేప వేపుడు, శికంపూర్ కబాబ్, బిర్యానీ, ఖుబానీ కా మీఠా, ఆ తరువాత పండ్లు. శాకాహారులకు పలుచని టమాటా చారుతో మొదలుపెట్టి, చేప స్థానాన్ని వదిలేసి, దాని చాకును, ఫోర్కును కూడా తీసేయాలి. వాడని పనిముట్టు బల్ల మీద ఉంటే అతిథి తనకేదో తెలియలేదని కంగారు పడతాడు.

పళ్ళానికి కుడిపక్కన చాకులు, వాటి పదును పళ్ళెంవైపు తిరిగి ఉండాలి. చాకులకు ఆవల, అన్నింటికన్నా బయట, సూప్ చెంచా. ఎడమపక్కన ఫోర్కులు, ముళ్ళు పైకి. ముందు వాడవలసినది బయటివైపు, చివర వాడవలసినది పళ్ళెం పక్కన. అన్నింటి అడుగు కొసలు బల్ల అంచు నుంచి ఒక అంగుళం లోపలికి ఒకే గీత మీద ఉండాలి. కంటితో కాక స్కేలుతో సరిచూడాలి, ఎందుకంటే బల్ల అందమంతా ఈ గీతలో ఉంటుంది. బిర్యానీకి చాకు పనికిరాదు కనుక ఫోర్కుకు జోడుగా కుడివైపు పెద్ద చెంచా పెట్టడం మంచిది. తీపికి, పండ్లకు కావలసిన చెంచాలు, ఫోర్కులు, చాకులు ముందుగా పెట్టరు. ఆ పళ్ళేలతో పాటే తెస్తారు.

చేపకు వేరే చాకు ఎందుకన్న సందేహం సహజం. స్టెయిన్‌లెస్ స్టీలు 1913లో వచ్చింది. అంతకుముందు ఉక్కు చాకుకు నిమ్మరసం, పుల్లని సాసు తగిలితే నల్లబడి, తిండికి ఇనుప రుచి పట్టేది. అందుకే చేపకు, పండ్లకు వెండి అలుగున్న చాకులు ప్రత్యేకంగా చేయించుకునేవారు. మన స్టీలు చాకులకు ఆ ఇబ్బంది లేదు. చూపుకోసం కావాలనుకుంటేనే చేప చాకులు కొనాలి.

అసలు వెండి అవసరం లేదు. 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్ సంస్థ విద్యుత్తుతో వెండి పూత వేసే పద్ధతికి పేటెంటు పొందాక, మధ్యతరగతి ఇళ్ళలో కూడా పూత సామానే ఎక్కువగా వాడారు. పూత కింద ఉండేది రాగి, నికెల్, జింకు కలిసిన లోహం; మనం జర్మన్ సిల్వర్ అనేది దీనినే. మహబూబ్ చౌక్ పాత సామాను దుకాణాలలోనో, గురువారం నాటి జుమ్మేరాత్ బజారులోనో ఇటువంటివి కనిపిస్తే వెనక కాడ మీద ఇ.పి.ఎన్.ఎస్. (విద్యుత్తుతో వెండి పూత వేసిన నికెల్ సిల్వర్) అన్న ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయేమో చూడాలి. చెంచా గిన్నె అడుగున, ఫోర్కు వంపు దగ్గర లోపలి లోహం పసుపు ఛాయతో బయటపడి ఉంటే పూత అరిగిందని అర్థం. జతలు కలవకపోయినా ఫరవాలేదు. ఒక వంటకానికి వాడేవన్నీ ఒకే రకం అయితే చాలు. తళుకు కోసం విభూతిని తడిపి మెత్తని గుడ్డతో రుద్దాలి. చింతపండు ఇత్తడికి సరే కాని పూత సామానుకు వద్దు. ఎముక పిడి ఉన్న పాత చాకులను వేడినీటిలో నానబెట్టకూడదు, పిడిలోని జిగురు కరిగి ఊడిపోతుంది. ఇవేవీ దొరకనివారికి బేగంబజారులో కిలోల లెక్కన అమ్మే సాదా స్టీలు సామానే నయం. పూలు చెక్కినట్టుండే బంగారు రంగు సెట్లు ఈ బల్లకు నప్పవు.

గ్లాసులు చాకుల పైకొస దగ్గర కుడివైపు ఉంటాయి. సూప్‌తో షెర్రీ, చేపతో హాక్ అనే జర్మన్ తెల్ల వైను, మాంసంతో క్లారెట్ అనే ఫ్రెంచి ఎర్ర వైను, షాంపేన్, చివర పోర్ట్ ఇచ్చేవారు. హాక్ గ్లాసులు ఆకుపచ్చగానో ఎర్రగానో ఉండేవి. 1845లో బ్రిటన్‌లో గాజు మీద పన్ను తీసేశాక గ్లాసుల సంఖ్య, చెక్కడం పని రెండూ పెరిగాయి. మద్యం పోయని ఇంట్లో ఖాళీ వైను గ్లాసులు వరుసగా నిలబెట్టడం అనవసరం. నీటికి ఒకటి, ద్రాక్షరసానికో దానిమ్మ షర్బత్‌కో రంగుగాజుది ఒకటి, రెండు చాలు.

ఉప్పు చిన్న మూతలేని గిన్నెలలో, బుల్లి చెంచాతో, ఇద్దరికి ఒకటి చొప్పున పెట్టాలి. ఇంట్లోని వెండి కుంకుమగిన్నెలు ఈ పనికి ముచ్చటగా ఉంటాయి, కాని ఉప్పు వెండిని తినేస్తుంది. లోపల సరిపడే గాజు గిన్నె ఉంచాలి. నాటివారు నీలిగాజు గిన్నెలు అమర్చింది ఇందుకే.

బల్ల నడుమ భాగం

ఆ కాలపు బల్లకు కిరీటం ఎపెర్న్ అనే స్టాండు: నడుమ ఒక పొడవైన కాడ, దాని కొసన పూలగిన్నె, కొమ్మలకు చిన్న చిన్న గాజు గిన్నెలు, వాటిలో పండ్లు, మిఠాయిలు. ఇది మనకు దొరకదు, దొరికినా కొనలేము. దీనికి బదులు ఎత్తు ఎక్కువగల కాళ్ళ పళ్ళెం మీద సన్నని గాజు కూజా నిలిపితే సరిపోతుంది. ఇంట్లో బీదరీ కూజా ఉంటే మరీ మంచిది. నల్లని లోహంలో వెండి పొదిగిన ఈ దక్కను పనితనాన్ని 1851లో లండన్ మహాప్రదర్శనలో చూపారు, కనుక విక్టోరియా కాలపు బల్ల మీద దాని హక్కు దానికుంది. లోపల నీళ్ళు నేరుగా పోయకుండా గాజు గ్లాసు ఉంచి అందులో పూలు పెట్టాలి, లేకపోతే నలుపు చెడుతుంది.

పూల ఎత్తు విషయంలో మధ్యేమార్గం లేదు. కూర్చున్నవారి గడ్డం కన్నా కిందికైనా ఉండాలి, తలల కన్నా పైకైనా ఉండాలి. నడుమ ఉంటే ఎదుటివారి ముఖం కనిపించదు. కిందుగా పెట్టేవారు, మోచెయ్యి బల్ల మీద ఆనించి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి ఎత్తు దాటకూడదని లెక్క పెట్టుకోవచ్చు. పూలకు తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్టుకు వెళ్ళాలి. గులాబీలు ఒకే రంగువి, రెండు మూడు దశల్లో విచ్చుకున్నవి తీసుకుని, వాటికి తెల్ల చామంతి జోడించాలి. లిల్లీలను, మల్లెలను బల్ల మీద పెట్టకుండా గుమ్మం దగ్గర ఉంచడం మేలు. వాటి వాసన బిర్యానీ ఘుమఘుమతో కలిస్తే రెండూ చెడతాయి. బంతిపూల దండలు కూడా వద్దు, చూసినవారికి పండుగ తోరణం గుర్తొస్తుంది. ఆకుపచ్చదనమే ఇక్కడ ముఖ్యం. ఫెర్న్ మొక్కలంటే విక్టోరియా కాలపువారికి వెర్రి వ్యామోహం; ప్రతి గుత్తిలోనూ, పండ్ల కిందా, గుడ్డ మీద నేరుగా కూడా ఫెర్న్ ఆకులు పరిచేవారు. నర్సరీలో దొరికే ఫెర్న్ కుండీలు రెండు కొంటే విందుకు ఆకులు, తరువాత ఇంటికి మొక్కలు. సన్నని తీగలను నడిమి మడత గీత వెంట ఒక కొస నుంచి రెండవ కొసకు వంపులుగా పరచి, తీగ వాడకుండా విందుకు గంట ముందు మాత్రమే అమర్చాలి.

పండ్లు చివరి వడ్డనకే అయినా మొదటి నుంచీ బల్ల మీద ఉంటాయి, ఎందుకంటే అవి అలంకరణలో భాగం. కాళ్ళ పళ్ళేలు రెండు తీసుకుని పూలకు చెరోవైపున పెట్టి, ఆకులు పరచి, పెద్దవి అడుగున, చిన్నవి పైన గోపురంగా పేర్చాలి. దానిమ్మ, బత్తాయి, జామ, అంచు నుంచి జారుతున్నట్టుగా నల్లద్రాక్ష గుత్తి. సీతాఫలం మన నగరానికి ప్రియమైనదే కాని పేర్చితే ఒత్తిడికి పగులుతుంది, పైగా గింజలు ఉమ్మడం ఈ బల్ల దగ్గర ఎవరికీ సుఖం కాదు. దాని గుజ్జును ఐస్‌క్రీములో కలిపి పెట్టండి. బాదం, కిస్మిస్ చిన్న గిన్నెలలో అక్కడక్కడ ఉంచాలి.

ప్రతివారి ముందూ పేరు రాసిన చిన్న అట్ట, ఇద్దరికి ఒకటి చొప్పున వంటల పట్టిక ఉండాలి. నాడు పట్టికను ఫ్రెంచిలో రాసేవారు. మనం తెలుగులో, గుండ్రని చేతిరాతతో, నల్ల సిరాతో రాస్తే చాలు.

వెలుతురు

ట్యూబులైటు వెలుగుతున్నంతసేపు ఈ శ్రమంతా వృథా. కొవ్వొత్తులు పాలతెలుపువి, సువాసన లేనివి, మంట నిలబడినవారి కంటి ఎత్తుకు కాస్త కిందుగానూ కూర్చున్నవారి చూపుకు పైగానూ వచ్చేంత పొడవైనవి కావాలి. ఆరుగురి బల్లకు నాలుగు కొవ్వొత్తులు బల్ల మీద, మరో రెండు సైడ్‌బోర్డు మీద పెట్టి, అతిథులు రావడానికి ముందే వెలిగించి చూడాలి. అసలు చిక్కు సీలింగు ఫ్యానుతో వస్తుంది. పంకా గాలికి దీపాలు ఆరకుండా ఇండియాలోని ఇంగ్లీషువారు మంట చుట్టూ ఎత్తైన గాజు గొట్టాలు పెట్టుకునేవారు; మనమూ అదే చేయాలి. లాంతరు చిమ్నీలు కొలతకు సరిపోతాయి. ఏసీ ఉన్నవారు దాని గాలి గోడవైపు తిప్పుకుంటే చిమ్నీలు కూడా అక్కరలేదు.

వడ్డన, ఆ తరువాత

సైడ్‌బోర్డుగా షోకేసు పైభాగమో, దుప్పటి పరచిన చిన్న బల్లో సరిపోతుంది. మార్చవలసిన పళ్ళేలు, తీపి చెంచాలు, నీళ్ళ జగ్గు అన్నీ అక్కడే వరుసగా ఉండాలి. ఆరుగురికి వడ్డించడానికి ఒక మనిషి కావాలి. గృహిణి లేచి తిరిగితే విందు తీరే మారిపోతుంది. వంటకం అతిథికి ఎడమవైపు నుంచి, పానీయం కుడివైపు నుంచి అందించాలి.

తీపి అయ్యాక ఉప్పుగిన్నెలు, వాడని చాకులు, రొట్టె తునకలు తీసేసి, గుడ్డ మీది పొడిని మెత్తని బ్రష్షుతో పళ్ళెంలోకి తుడవాలి. అప్పుడు ప్రతివారికీ పండ్ల పళ్ళెం, దాని మీద లేసు గుడ్డ, దాని మీద వేళ్ళు కడుక్కునే గాజు గిన్నె వస్తాయి. హోటళ్ళలో లాగా వేడినీళ్ళు, నిమ్మచెక్క వద్దు. చల్లని నీటిలో ఒక చుక్క పన్నీరు, ఒక మరువపు రెమ్మ వేస్తే చాలు. అతిథి ఆ గిన్నెను, లేసును కలిపి ఎడమవైపుకు జరిపి పండు తీసుకుంటాడు. నాడు ఈ దశ ముగియగానే స్త్రీలు లేచి పక్క గదికి వెళ్ళేవారు, పురుషులు పోర్ట్ వైనుతో కూర్చుండిపోయేవారు. మన ఇంట్లో అందరూ కలిసే లేచి ముందు గదిలోకి వెళ్ళి, అక్కడ తమలపాకుల పళ్ళెం, కాఫీ అందుకోవడం బాగుంటుంది.

బల్ల తీసేటప్పుడు గుడ్డ మీద పడిన మైనాన్ని ఐసు ముక్కతో గట్టిపరచి గీకి, మిగిలిన జిడ్డును పైన కింద కాగితం పెట్టి ఇస్త్రీతో పీల్చాలి. బిర్యానీ పసుపు మరకకు సబ్బు పెడితే ఎర్రబడుతుంది. భయపడకుండా ఉతికి, రెండు రోజులు ఎర్రని ఎండలో ఆరవేస్తే దానంతట అదే వెలిసిపోతుంది. గంజి పూర్తిగా పోయేలా జాడించిన తరువాతనే గుడ్డను పెట్టెలో పెట్టాలి, లేకపోతే వెండిచేపల పురుగు పడుతుంది.